చంద్రపూర్ సరిహద్దులో చిన్న కొలుములు: భారీ ఉక్కు ఎందుకు ముక్కలవుతోంది?

క్లుప్తంగా: ఉక్కు తయారీలో పెద్ద కర్మాగారమే చవక అన్న లెక్క ఇప్పటికీ తప్పలేదు. అయినా దేశంలో తయారయ్యే ఉక్కులో దాదాపు మూడో వంతు, కరెంటుతో ఇనుము కరిగించే చిన్న ఇండక్షన్ ఫర్నేసుల నుంచే వస్తోంది. వీటిని కావాలన్నప్పుడు ఆపి, మళ్లీ నడపవచ్చు. కోక్‌తో ఖనిజాన్ని కరిగించే పెద్ద బ్లాస్ట్ ఫర్నేసుతో ఆ వీలు లేదు. ఈ వెసులుబాటుకు మూల్యం మూడు చోట్ల కట్టాల్సి వస్తోంది: కరెంటు బిల్లులో, ఉక్కులో మిగిలిపోయి దాన్ని పెళుసు చేసే భాస్వరంలో, చిమ్నీ పొగలో.

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో, రాజురాలోనో బల్లార్షాలోనో ఇల్లు కట్టుకునేవారు హార్డ్‌వేర్ దుకాణానికి వెళితే మొదట వినిపించే ప్రశ్న ‘కంపెనీ స్టీలా, లోకల్ స్టీలా?’. సరిహద్దు దాటి తెలంగాణలోని వాంకిడి, ఆసిఫాబాద్ వచ్చినా అదే ప్రశ్న. లోకల్ అంటే ఆ ఊళ్లో చేసిందని కాదు. చంద్రపూర్, జాల్నా, రాయ్‌పూర్, హైదరాబాద్ శివార్లలోని చిన్న, మధ్యతరహా మిల్లుల్లో ఎక్కడైనా చేసి ఉండవచ్చు. ధరలో తేడా ఉంటుంది. ఆ తేడా ఎందుకో అడిగితే దుకాణదారు దగ్గర సరైన సమాధానం దొరకడం అరుదు.

వార్తలు ఈ గందరగోళాన్ని మరింత పెంచాయి. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని నిలబెట్టడానికి 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. సొంత ఇనుప గని లేని అంత పెద్ద కర్మాగారం ఇబ్బందుల్లో పడితే, గనీ లేక, పేరూ లేని మిల్లులు ఎలా నిలబడుతున్నాయి? ఇంకోవైపు పక్కనే గడ్చిరోలిలో లక్షల టన్నుల స్థాయి ప్లాంట్లు లేస్తున్నాయి. ఇంతకీ పరిశ్రమ చిన్నదవుతోందా, పెద్దదవుతోందా? రెండూ జరుగుతున్నాయి. తయారీలో ఏ దశ చిన్నదవగలదు, ఏది కాలేదు అన్నది విడదీసి చూస్తేనే విషయం అర్థమవుతుంది.

## పెద్దది ఎందుకు చవక

భారీ పరిశ్రమల ఇంజినీర్లు చాలాకాలంగా వాడుతున్న ఒక మోటు లెక్క ఉంది. ప్లాంటు సామర్థ్యం రెండింతలు చేస్తే పెట్టుబడి రెండింతలు కాదు, సుమారు ఒకటిన్నర రెట్లే అవుతుంది. కొలిమి లోపల పట్టే సరుకు ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. దానికి కావాల్సిన ఉక్కు రేకు, లోపలి ఇటుక మాత్రం ఉపరితలాన్ని బట్టి పెరుగుతాయి. వేడి పోయేదీ ఉపరితలం నుంచే. గ్లాసులో టీ చల్లారినంత త్వరగా గుండిగలో టీ చల్లారదు కదా, ఇదీ అంతే.

ఖనిజాన్ని కరిగించకుండానే బొగ్గుతో ఇనుముగా (స్పాంజ్ ఐరన్) మార్చే తిరిగే గొట్టపు కొలుములు, అంటే స్పాంజ్ ఐరన్ కిల్న్‌లనే తీసుకుంటే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. రోజుకు 100 టన్నుల కిల్న్ సాధారణంగా 42 మీటర్ల పొడవు, 3 మీటర్ల వ్యాసంతో ఉంటుంది. 500 టన్నుల కిల్న్ 80 మీటర్ల పొడవు, 4.8 మీటర్ల వ్యాసంతో ఉంటుంది. పైతొడుగు వైశాల్యాన్ని ఉత్పత్తితో భాగిస్తే చిన్నదానిలో రోజువారీ టన్నుకు సుమారు 4 చదరపు మీటర్లు, పెద్దదానిలో 2.4 వస్తుంది. అంటే టన్నుకు వేడి పోయే మేర చిన్నదానిలో చాలా ఎక్కువ. ఇటుక ఖర్చూ అంతే. కాపలా, ల్యాబ్, కంట్రోల్ రూమ్ సిబ్బంది అయిదింతలు అక్కర్లేదు కాబట్టి కూలి లెక్కా పెద్దదానికే అనుకూలం.

ఈ లెక్కే అంతిమమైతే చిన్న ప్లాంట్లు ఎప్పుడో మూతపడి ఉండాలి.

## గొలుసు తెగిన చోటు

సమగ్ర ఉక్కు కర్మాగారం ఒక గొలుసు. కోక్ ఓవెన్లలో కోకింగ్ బొగ్గు కోక్ అవుతుంది. బ్లాస్ట్ ఫర్నేసులో ఖనిజం కరిగి ద్రవ ఇనుమవుతుంది. ఆ ద్రవం కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊదడంతో ఉక్కవుతుంది. తర్వాత పోత, ఆపై రోలింగ్. ఒక దశ వేడిని రెండో దశ వాడుకుంటుంది, ఒకదాని వాయువు ఇంకోదానికి ఇంధనమవుతుంది. గొలుసు మొత్తం ఒకే ప్రహరీలో ఉండటమే దాని బలం.

చిన్న పరిశ్రమ ఈ గొలుసును మూడు ముక్కలు చేసింది. ఖనిజం నుంచి ఆక్సిజన్ తీసేసే పని ఒకరిది, కరిగించి పోత పోసే పని ఇంకొకరిది, సాగదీసి ఊచలు చేసే పని మరొకరిది. స్పాంజ్ ఐరన్ చల్లారిన గట్టి సరుకు, లారీలో వెళుతుంది. పోత పోసిన ఉక్కు దిమ్మె, అంటే బిల్లెట్ కూడా అంతే. మధ్యలో వేడి పోతుంది, దాన్ని మళ్లీ కొనాలి. కానీ ప్రతి దశా విడిగా అమ్మగల, కొనగల సరుకైపోయింది కాబట్టి, వేల కోట్లు ఒకేచోట పెట్టే శక్తి లేనివారు కూడా ఒక్క దశతో పరిశ్రమలోకి రాగలిగారు.

ఈ దారి ముందు తొక్కింది అమెరికా. 1969లో దక్షిణ కరోలినాలోని డార్లింగ్టన్‌లో న్యూకోర్ కంపెనీ తుక్కును ఆర్క్ ఫర్నేసులో (విద్యుత్ మెరుపుతో కరిగించే కొలిమిలో) కరిగించి చువ్వలు, కోణాలు చేయడం మొదలుపెట్టింది. 1989లో ఇండియానాలోని క్రాఫర్డ్స్‌విల్‌లో పల్చని స్లాబ్ పోత పద్ధతితో రేకుల మార్కెట్లోకీ దిగింది. ఇప్పుడు అమెరికా ఉక్కులో సుమారు 70 శాతం ఆర్క్ ఫర్నేసుల నుంచే వస్తోంది. అక్కడ పాత కార్లు, పాత వంతెనల తుక్కు సమృద్ధి. మన దేశంలో అంత తుక్కు లేదు. ఆ లోటును బొగ్గుతో చేసే స్పాంజ్ ఐరన్ పూడ్చింది. 2003 నుంచి స్పాంజ్ ఐరన్ ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానం మనదే. అందులో దాదాపు 80 శాతం బొగ్గు కిల్న్‌ల నుంచి వచ్చేదే.

విధానాల మార్పు లేకుండా ఇది జరిగేది కాదు. 1950ల నుంచి అమల్లో ఉన్న రవాణా ఛార్జీల సమీకరణ వల్ల భిలాయ్ ఉక్కు చంద్రపూర్‌లో ఎంతకు దొరికేదో మద్రాసులోనూ అంతకే దొరికేది. గనికి, కొలిమికి దగ్గరగా ఉండటానికి విలువే లేదు. 1991లో ఉక్కుకు లైసెన్సు విధానం తొలగింది, 1992లో రవాణా సమీకరణ ముగిసింది. అప్పటినుంచే దూరం ధరలో కనిపించడం మొదలైంది, దగ్గరి మిల్లుకు కాలు నిలిచింది.

చంద్రపూర్ జిల్లాకు ఈ దగ్గరితనం అన్ని వైపులా ఉంది. వార్ధా లోయలో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ బొగ్గు, ప్రాణహిత అవతల సింగరేణి బొగ్గు, తూర్పున గడ్చిరోలి సూర్జాగఢ్ ఇనుప ఖనిజం, ఇంకా దిగువన ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా ఇనుప గనులు. ఢిల్లీ–చెన్నై ప్రధాన రైలు మార్గం బల్లార్షా మీదుగానే కాజీపేటకు వెళుతుంది. ఘుగుస్‌లో, తాడాలి ఎంఐడీసీ పారిశ్రామిక వాడలో స్పాంజ్ ఐరన్ కిల్న్‌లు వెలిసింది ఇందుకే. గనుల కోసం, పేపర్ మిల్లు కోసం తరాల క్రితమే వచ్చి బల్లార్షాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ బొగ్గు కొత్త కాదు, దాన్ని వాడే తీరే కొత్త.

## కిల్న్ లోపల ఏం జరుగుతుంది, ఎక్కడ చెడుతుంది

కిల్న్ అంటే లోపల అగ్ని ఇటుక పరిచిన పొడవాటి గొట్టం. సుమారు 2.5 శాతం వాలుతో, నిమిషానికి అర చుట్టు కూడా మించకుండా నెమ్మదిగా తిరుగుతుంది. 5 నుంచి 18 మి.మీ. ముక్కలుగా జల్లించిన ఖనిజం, బొగ్గు, కొంచెం డోలమైట్ ఒక కొస నుంచి వేస్తారు. పైన అమర్చిన గాలి గొట్టాలు పొడవునా గాలి ఇస్తాయి. 950 నుంచి 1,050 డిగ్రీల మధ్య కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఖనిజం కరగదు. ముక్క ముక్కగానే ఉండి, లోపలంతా రంధ్రాలతో ఇనుమవుతుంది. తర్వాత బయట నీళ్లు చిలకరించే కూలర్‌లో 100 డిగ్రీలకు దరిదాపుగా చల్లార్చి, అయస్కాంతంతో ఇనుమును, మిగిలిన చార్‌ను (కాలగా మిగిలిన బొగ్గును) వేరు చేస్తారు. టన్ను స్పాంజ్‌కు 1.5 నుంచి 1.6 టన్నుల ఖనిజం, 1.2 నుంచి 1.4 టన్నుల బొగ్గు పడతాయి. సల్ఫర్‌ను పట్టుకోవడానికి డోలమైట్ 50 కిలోల వరకు వేస్తారు.

చెప్పినంత తేలిక కాదు ఇది. కిల్న్‌ను ఆపేసే అసలు శత్రువు లోపల పేరుకునే రింగు. బొగ్గు బూడిద మెత్తబడే ఉష్ణోగ్రత, కిల్న్ నడిచే ఉష్ణోగ్రత కన్నా కనీసం 100 నుంచి 200 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. లేకపోతే బూడిద జిగురుగా మారి, ఖనిజపు పొడిని కలుపుకుని గోడకు అంటుకుంటుంది. ఒక గాలి గొట్టం దగ్గర గాలి ఎక్కువై ఆ చోటు మాత్రమే వేడెక్కినా, జల్లెడ సరిగా లేక పొడి ఎక్కువ పడినా ఇదే జరుగుతుంది. గోడ చుట్టూ పెరిగిన ఆ రింగు దారిని ఇరుకు చేస్తుంది. వెనుక సరుకు ఎక్కువసేపు ఆగిపోతుంది, ముందు సరుకు పల్చబడుతుంది. పక్కపక్కన ఉన్న రెండు థర్మోకపుల్స్ (వేడి కొలిచే సాధనాలు) రీడింగుల్లో అసహజమైన తేడా, వేసే కొస నుంచి సరుకు వెనక్కి చిమ్మడం దీనికి మొదటి గుర్తులు. మెటలైజేషన్, అంటే ఖనిజంలోని ఇనుములో లోహంగా మారిన వాటా, 90 శాతం దగ్గర ఉండాల్సింది 85కు జారుతుంది. అప్పటికి చేయగలిగింది తక్కువ. కిల్న్ ఆపాలి, రోజుల తరబడి చల్లార్చాలి, మనుషులు లోపలికి వెళ్లి డ్రిల్లులతో రింగు పగలగొట్టాలి. ఇలా ప్రతిసారీ చల్లారి మళ్లీ వేడెక్కడంతో ఇటుక కూడా పగుళ్లిస్తుంది.

అందుకే కోకింగ్ కాని (కోక్‌గా మారని) బొగ్గు ఏదైనా సరిపోతుందనుకోవడం పొరపాటు. బూడిద తక్కువగా, స్థిర కార్బన్ ఎక్కువగా, చురుకుగా స్పందించే బొగ్గు కావాలి. గని పక్కనే ఉన్నా ఆ నాణ్యత ఎప్పుడూ దొరకదు. అందుకే చాలా కిల్న్‌లు దక్షిణాఫ్రికా బొగ్గు కలుపుతున్నాయి. కోకింగ్ బొగ్గు దిగుమతి బాధ నుంచి తప్పించుకున్న పరిశ్రమ కొంతమేర ఇంకో దిగుమతి మీద ఆధారపడింది. రూపాయి, ఓడ కిరాయి మారితే రింగుకు భయపడే కిల్న్ యజమాని లెక్కలు కూడా మారిపోతాయి.

## ఇండక్షన్ ఫర్నేసు: కరిగిస్తుంది, శుద్ధి చేయదు

నీళ్లు ప్రవహించే రాగి చుట్ట మధ్యలో ఒక మూస (కరిగించే పాత్ర). చుట్టలో కరెంటు పారితే లోపలి ఇనుములో ప్రవాహాలు పుట్టి అది తనంతట తానే వేడెక్కి కరుగుతుంది. మంట లేదు, కోక్ లేదు. స్పాంజ్ ఎక్కువగా వేసే ఫర్నేసులో టన్ను ద్రవ ఉక్కుకు 700 నుంచి 800 యూనిట్ల వరకు కరెంటు పడుతుంది. పూర్తిగా తుక్కయితే 550 నుంచి 600.

మూస లోపలి పూత ఇక్కడ ప్రాణం. సుమారు 98 శాతం సిలికా ఉండే పొడి మట్టిలో ఒక శాతం వరకు బోరిక్ ఆమ్లం కలిపి, రేకు ఫార్మా (లోపలి అచ్చు) చుట్టూ పొరలు పొరలుగా గట్టిగా దట్టిస్తారు. మొదటి హీటులో (ఒక విడత కరిగింపులో) ఫార్మా కరిగిపోతుంది, మట్టి కాలి గట్టిపడుతుంది. స్పాంజ్‌లో ఇంకా ఇనుముగా మారని ఐరన్ ఆక్సైడ్ మిగిలి ఉంటుంది. అది సిలికాను తినేస్తుంది. అందుకే స్పాంజ్ ఎక్కువైన కొద్దీ పూత ఆయుష్షు తగ్గుతుంది. చాలా చోట్ల అది 15 నుంచి 25 హీట్లే. పూత పల్చబడిన చోట లోహం పాకి రాగి చుట్టను తాకిందంటే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరవుతుంది, పేలుడే. ఎర్త్ లీకేజీ మీటరు ముందే హెచ్చరిస్తుంది. మీటరు ముల్లు కదులుతున్నా ‘ఇంకొక్క హీటు’ లాగాలన్న ఒత్తిడి ప్రాణాల మీదకు తెస్తుంది. తడిసిన స్పాంజ్, మూత బిగించిన సిలిండర్లు, నీళ్లు నిలిచిన గొట్టపు ముక్కలు కూడా అంతే ప్రమాదం. జూలై, ఆగస్టుల్లో ఈ జిల్లాల్లో కురిసే వానకు స్పాంజ్ గుట్ట తడిస్తే తిరిగి తుప్పుపట్టడమే కాక తనంతట తాను వేడెక్కి, హైడ్రోజన్ వాయువును కూడా వదులుతుంది. పైకప్పు లేని యార్డులో స్పాంజ్ పోయడం డబ్బుకూ నష్టమే, మనుషులకూ ముప్పే.

ఇక నాణ్యత. ఆమ్ల గుణమున్న సిలికా పూతలో సున్నంతో కూడిన క్షార చిట్టెం (లోహం మీద తేలే మలినాల పొర) నడపలేరు. భాస్వరం పోవాలంటే ఆ క్షార చిట్టెమే కావాలి. అంటే లోపల వేసిన భాస్వరమంతా దాదాపు ఉక్కులోనే ఉండిపోతుంది. నమూనాగా ఒక లెక్క వేయవచ్చు. ఖనిజంలో 0.04 శాతం భాస్వరం ఉంటే, టన్నున్నర ఖనిజంతో చేసే టన్ను స్పాంజ్‌లో 0.06 శాతం అవుతుంది. 700 కిలోల స్పాంజ్‌కు 0.03 శాతం భాస్వరమున్న తుక్కు 300 కిలోలు కలిపితే మొత్తం 0.51 కిలోల భాస్వరం. కరిగాక 860 కిలోల ఉక్కు దిగిందనుకుంటే అది 0.059 శాతం. భారత ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్‌ఈ 500 ఊచకు పరిమితి 0.055. దాటిపోయింది. స్పాంజ్, తుక్కు సగం సగం చేసి 880 కిలోలు దిగితే 0.051. లోపల పడింది. కానీ ఎఫ్‌ఈ 500డి రకానికి పరిమితి 0.040, దానికి ఇదీ చాలదు.

కరిగిన ఉక్కును గంగాళంలోనే శుద్ధి చేసే ల్యాడిల్ రిఫైనింగ్ ఫర్నేసు పెడితే అన్నీ సర్దుకుంటాయన్న ప్రచారం ఉంది. అది సల్ఫర్‌ను బాగా తగ్గిస్తుంది, ఉష్ణోగ్రతను, మిశ్రమాన్ని సరిచేస్తుంది. భాస్వరానికి ఆక్సిజన్ ఉన్న వాతావరణం, తక్కువ వేడి కావాలి. ల్యాడిల్ ఫర్నేసులో పరిస్థితి దానికి వ్యతిరేకం. భాస్వరం కట్టడికి మూడే మార్గాలు: తక్కువ భాస్వరమున్న ఖనిజం, మంచి తుక్కు, లేదా పూత మార్చి క్షార చిట్టెంతో నడపడం. మూడూ ఖర్చుతో కూడినవే. దుకాణంలో కనిపించే ధర తేడాలో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది.

## అసలు బలం ఆపి నడపడంలో ఉంది

పెద్ద బ్లాస్ట్ ఫర్నేసు ఒకసారి వెలిగిస్తే పదిహేను, ఇరవై ఏళ్లు నడవాల్సిందే. సరుకు లేదని ఆపితే అడుగున ద్రవ ఇనుము గడ్డకడుతుంది. తిరిగి తెరవడం నెలల పని కావచ్చు. మార్కెట్ పడిపోయినా, కోక్ ధర రెండింతలైనా అది ఇనుము దింపుతూనే ఉండాలి. అప్పు మీద వడ్డీ కూడా ఆగదు.

ఇండక్షన్ ఫర్నేసుకు ఆ బాధ లేదు. హీటు దింపి స్విచ్ ఆపేయవచ్చు. రాత్రి వేళ యూనిట్ ధర తగ్గే టారిఫ్ ఉంటే రాత్రి మాత్రమే నడపవచ్చు. స్పాంజ్ ఖరీదైతే తుక్కు, తుక్కు ఖరీదైతే స్పాంజ్. రెండూ పెరిగితే బయట బిల్లెట్ కొని రోలింగ్ మిల్లు ఒక్కటే తిప్పవచ్చు. ఏదో ఒక కాంట్రాక్టరుకు 8 మి.మీ. ఊచ యాభై టన్నులే కావాలన్నా రోలింగ్ మిల్లు సైజు మార్చి ఇవ్వగలదు. లక్షల టన్నుల మిల్లు ఆ ఆర్డరును చూడదు.

చిన్న మిల్లు నిలబడుతున్నది తయారీ ఖర్చు తక్కువై కాదు. నష్టం వచ్చే రోజుల్లో ఆగిపోగలదు కాబట్టి నిలబడుతోంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగతా చర్చలో చాలా గందరగోళం తొలగుతుంది. కిల్న్ మాత్రం ఈ గొలుసులో అంత స్వేచ్ఛ లేని ముక్క, వారానికోసారి ఆపి నడిపేది కాదు. అందుకే మాంద్యంలో మొదట దెబ్బతినేది స్పాంజ్ యూనిట్లే.

ఆపగలగడానికి మరో వైపు కూడా ఉంది. మిల్లు ఆగిన రోజు కాంట్రాక్టు కార్మికుడికి కూలి లేదు. సమగ్ర కర్మాగారంలో క్వార్టర్లు, ఆస్పత్రి, బడి ఉన్న జీవితం వేరు, హీటు లెక్కన కూలి దొరికే జీవితం వేరు. చిన్న పరిశ్రమ ఎక్కువ మందికి పని ఇస్తుందన్నది నిజమే. ఆ పని ఎన్ని రోజులు ఉంటుందన్నది మార్కెట్ చేతిలో, కరెంటు టారిఫ్ చేతిలో ఉంది. టన్నుకు 800 యూనిట్లు వాడే చోట యూనిట్‌కు రూపాయి పెరిగితే టన్నుకు 800 రూపాయలు పెరిగినట్టు. పక్కనున్న ఛత్తీస్‌గఢ్ టారిఫ్‌తో మహారాష్ట్ర టారిఫ్‌ను పరిశ్రమ వర్గాలు ఎప్పుడూ పోల్చేది అందుకే. రాయ్‌పూర్ దగ్గర సిల్తరా, ఉర్లాల్లో అంత దట్టంగా మిల్లులు పెరగడానికి చవక కరెంటు ఒక ముఖ్య కారణం.

## ఇదే జిల్లాలో సిమెంటు ఎదురుదారి పట్టింది

చంద్రపూర్ జిల్లాలోనే, రాజురా దాటి కోర్పణా వైపు వెళితే గడ్చాందూర్, అవార్‌పూర్, ఉప్పర్‌వాహీల్లో దేశంలోని పెద్ద సిమెంటు కర్మాగారాల్లో కొన్ని కనిపిస్తాయి. 1980ల్లో నిలువు కొలుములతో రోజుకు వంద, రెండు వందల టన్నులు చేసే మినీ సిమెంటు ప్లాంట్లను ప్రభుత్వం ప్రోత్సహించింది. తెలుగు నేల మీద కూడా అవి చాలా వచ్చాయి, చాలావరకు పోయాయి. నేటి పొడి పద్ధతి కిల్న్ పొగలోని వేడితోనే సున్నపురాయి పొడిని ముందుగా వేడి చేసుకుంటుంది. కిలో క్లింకర్‌కు (సిమెంటుకు మూలమైన కాల్చిన గడ్డ) 700 నుంచి 750 కిలోకేలరీలతో పని ముగిస్తుంది. ఆ ప్రీహీటర్ గోపురాన్ని చిన్న ప్లాంటుకు కట్టలేరు. కాల్చే దశను ముక్కలు చేయడం కుదరలేదు.

అయితే సిమెంటులోనూ ఒక దశ విడిపోయింది. క్లింకర్‌ను సున్నపురాయి దొరికే చోట పెద్ద ఎత్తున చేస్తారు. దాన్ని నూరి ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) కలిపే గ్రైండింగ్ యూనిట్లను థర్మల్ కేంద్రాల దగ్గర, నగరాల దగ్గర పెడతారు. ఈ బూడిద కలిపే పీపీసీ రకం సిమెంటులో 35 శాతం వరకు ఫ్లై యాష్ కలపవచ్చు, 2,920 మెగావాట్ల చంద్రపూర్ థర్మల్ కేంద్రం బూడిదకు కొరత రాదు. కాగితంలోనూ ఇంతే. గుజ్జు వండిన నల్ల ద్రావణం నుంచి రసాయనాలు రాబట్టే బాయిలరు చిన్న స్థాయిలో గిట్టదు. చిన్న మిల్లులు పాత కాగితం వైపు మళ్లింది అందుకే. ఏ దశలో వేడినీ రసాయనాన్నీ తిరిగి పట్టుకోవడం మీద లాభం ఆధారపడి ఉంటుందో ఆ దశ పెద్దదిగానే ఉంటుంది.

## చిమ్నీ దగ్గర తేలే లెక్క

ఈ కొలమానంతో చూస్తే స్పాంజ్ కిల్న్ కూడా చిన్నదిగా ఉండకూడని దశే. 100 టన్నుల కిల్న్ నుంచి 900 డిగ్రీలకు పైబడిన వాయువు గంటకు ఇరవై వేల ఘనపు మీటర్లకు పైగా వస్తుంది. ఆ వేడితో సుమారు 2 మెగావాట్ల కరెంటు చేయవచ్చు. కానీ 2 మెగావాట్ల టర్బైన్ ఒక్కటీ పెట్టడం గిట్టుబాటు కాదు. నాలుగైదు కిల్న్‌ల ఆవిరి కలిపితేనే లెక్క కుదురుతుంది. ఒంటరి కిల్న్‌లో నీళ్లు చిమ్మి ఆ వాయువును చల్లార్చేస్తారు. ఒకవైపు వేడిని నీళ్లపాలు చేసి, ఇంకోవైపు కరిగించడానికి కరెంటు కొనడం ఈ పద్ధతిలో అతి పెద్ద దుబారా.

చల్లార్చిన వాయువు ఈఎస్పీ (విద్యుత్తుతో ధూళి పట్టే యంత్రం) గుండా వెళ్లాలి. 2008 నాటి ప్రమాణం ప్రకారం బొగ్గు కిల్న్ చిమ్నీలో ధూళి ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములు మించకూడదు. యంత్రం బాగా పనిచేస్తే ఇది సాధ్యమే. అది ఆగినప్పుడు కిల్న్‌ను కాపాడటానికి పైన అత్యవసర మూత తెరుచుకుంటుంది. అప్పుడు ధూళంతా నేరుగా గాలిలోకే. ఎన్నిసార్లు, ఎంతసేపు ఆ మూత తెరుచుకుందో లెక్కపెట్టే మీటరు, ఈఎస్పీ కరెంటుకు విడి మీటరు ఉంటే తప్ప బయటివారికి నిజం తెలియదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009 సూచీలో చంద్రపూర్ 83.88తో తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో ముందు వరసలో నిలిచింది. దానికి గనులు, థర్మల్ కేంద్రం, సిమెంటు అన్నీ కారణాలే. కిల్న్‌లు కూడా ఆ గాలిలో భాగస్వాములే. పత్తి మీద నల్లటి పొర పడితే రైతు పోగొట్టుకునేది ఏ మిల్లు లెక్కల పుస్తకంలోనూ ఖర్చుగా కనిపించదు. ఆ ఖర్చు కలిపి చూశాకే ‘లోకల్ చవక’ అనాలి.

## ముందు ఏం జరగవచ్చు

చైనా 2017 జూన్ 30 గడువు పెట్టి, నాసిరకం చువ్వలు చేసే ఇండక్షన్ ఫర్నేసులను మూసేసింది. పోయిన సామర్థ్యం దాదాపు 14 కోట్ల టన్నులు. అక్కడ ఆ లోటు పూడ్చే పెద్ద కర్మాగారాలు అప్పటికే మిగులు సామర్థ్యంతో ఉన్నాయి. ఇక్కడ మూడో వంతు ఉక్కును ఒక్క ఉత్తర్వుతో ఆపడం ఊహకందదు. ఇక్కడ ఒత్తిడి మెల్లగా, వేరే రూపంలో వస్తోంది.

కేంద్రం 2024 డిసెంబరులో హరిత ఉక్కు వర్గీకరణ తెచ్చింది. టన్ను ఉక్కుకు 2.2 టన్నుల కన్నా తక్కువ కార్బన్ డయాక్సైడ్ వెలువడితేనే హరితం. 1.6 కన్నా తగ్గితే అయిదు నక్షత్రాలు. బొగ్గు స్పాంజ్‌తో నడిచే ఫర్నేసు ఈ గీత కిందికి రావడం చాలా కష్టం. తుక్కు వాటా పెంచి, సౌర విద్యుత్ కొనే ఫర్నేసుకు మాత్రం అయిదు నక్షత్రాలూ అందే దూరంలోనే ఉంటాయి. పెద్ద బ్లాస్ట్ ఫర్నేసుకు ఆ అవకాశం లేదు. చిన్న పరిశ్రమకు రాబోయే దశాబ్దంలో నిజమైన అవకాశం ఇక్కడే ఉంది, కిల్న్‌లను ఇంకా పెంచడంలో లేదు.

గడ్చిరోలి చిత్రం కూడా దీనికి తగ్గట్టే మారుతోంది. ఘుగుస్‌లో స్పాంజ్ చేసే లాయిడ్స్ మెటల్స్‌కు సూర్జాగఢ్ లీజు 2007లో దక్కింది. హేడ్రి నుంచి చామోర్షి తాలూకా కోన్సరి వరకు 85 కిలోమీటర్ల ఖనిజ గొట్టపు మార్గం, ఏటా 40 లక్షల టన్నుల పెల్లెట్ ప్లాంటు 2025లో ప్రారంభమయ్యాయి. అంటే ఖనిజం నూరి, శుద్ధి చేసి, గుళికలు చేసే దశ భారీగా మారుతోంది. ఒకే సైజు గుళికలు వస్తే కిల్న్‌లో పొడి తగ్గి రింగు బెడద కొంత తగ్గుతుంది. అయితే గని, పెల్లెట్, ఉక్కు ఒకరి చేతిలోనే ఉంటే బయట ఖనిజం కొనుక్కునే చిన్న కిల్న్‌కు సరుకు ఏ ధరకు దొరుకుతుందన్నది తేలాలి. గని లేని కిల్న్‌లు మూతపడి, కరిగించే, సాగదీసే మిల్లులు మిగలడం ఎక్కువగా జరగగల పరిణామం.

## ఊచ కొనేటప్పుడు

చిన్న మిల్లు ఊచంతా నాసిరకం కాదు, పేరున్న బ్రాండంతా ఒకే నాణ్యత కూడా కాదు. చూడాల్సింది కొలత, కాగితం. ఊచ మీటరు బరువు తెలియాలంటే వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే చాలు. 12 మి.మీ. ఊచ మీటరుకు 0.888 కిలోలు, పూర్తి 12 మీటర్ల పొడవుకు 10.66 కిలోలు తూగాలి. ఒక్క ఊచలో 6 శాతం వరకు తరుగును ప్రమాణం ఒప్పుకుంటుంది. 10 కిలోలు కూడా తూగకపోతే ఒప్పుకోదు. లెక్కన కొంటే తేలిక ఊచ డబ్బుకు నష్టం. బరువున కొంటే డబ్బు నష్టం లేదనిపిస్తుంది కానీ స్లాబులో పడాల్సిన ఇనుము పడదు.

మిల్లు పరీక్ష పత్రంలో హీట్ నంబరు, కార్బన్, సల్ఫర్, భాస్వరం, సాగే గుణం ఉంటాయి. ఎఫ్‌ఈ 500కు సాగే గుణం కనీసం 12 శాతం, 500డి రకానికి 16 శాతం. భాస్వరం ఎక్కువైన ఊచ బలం పరీక్షలో నెగ్గుతుంది, సాగే గుణంలో, వంపులో దొరికిపోతుంది. 12 మి.మీ. ఎఫ్‌ఈ 500 ఊచను 48 మి.మీ. వ్యాసమున్న గుండ్రటి కడ్డీ చుట్టూ పూర్తిగా వెనక్కి వంచి చూడాలి. వంపు బయటి వైపు అడ్డంగా పగుళ్లు కనిపిస్తే ఆ కట్టను, అదే హీట్ నంబరున్న మిగతా కట్టలనూ తిప్పి పంపాలి.